చీటీలో రాయని సరుకు

(పొదుపు సంఘాల సభ్యులు, డిగ్రీ విద్యార్థినులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండమ్మా, మైకులో గాలి మోత తప్ప ఇంకేం వినపడటం లేదు. ఆ, ఇప్పుడు ఫరవాలేదు.

ఈ సభ మే 28న పెట్టారు. ప్రపంచమంతా ఈ రోజుని నెలసరి పరిశుభ్రత దినం అంటున్నారు. 2014లో జర్మనీకి చెందిన వాష్ యునైటెడ్ అనే సంస్థ మొదలుపెట్టింది. నెలసరి సుమారు 5 రోజులు, 28 రోజులకోసారి వస్తుంది కాబట్టి అయిదో నెల 28వ తేదీ అన్నమాట. లెక్క బాగానే ఉంది గానీ, మనకి మే 28 అంటే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ, బడులన్నీ మూత. ఎవరికి చెప్పాలో ఆ పిల్లలు బడిలోనే ఉండరు. (నవ్వులు) పోనీలెండి, అమ్మలు దొరికారు. నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది అమ్మలతోనే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. నెల మొదట్లో కిరాణా కొట్టుకి చీటీ రాస్తాం కదా, బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బులు అని. ఆ చీటీలో ప్యాడ్లు రాసేవాళ్లు చేతులెత్తండి. (కొన్ని చేతులు లేచాయి.) కాలేజీ పిల్లల వైపు నుంచి కొన్ని లేచాయి. ఈ వైపు నుంచి... ఇద్దరు, ముగ్గురు. మిగతావాళ్లు పక్కవాళ్ల వంక చూస్తున్నారు.

గెడ్డం గీసుకునే బ్లేడు రాస్తాం. దోమల చుట్టలు రాస్తాం. ప్రతి నెలా తప్పకుండా కావలసిన ఈ ఒక్కటీ రాయం. ఎందుకంటే చీటీ పట్టుకెళ్లేది ఆయనో, మావగారో, కొడుకో. చీటీలో లేని దానికి ఇంటి ఖర్చులో వాటా ఉండదు. మిగిలితే కొంటాం, అదీ కూతురికి. తల్లి పాత చీర చింపుకుంటుంది. చేతిలో రూపాయి లేని ఇళ్లు ఉన్నాయి, కాదనను. రూపాయి ఉండీ దీనికోసం అడగలేని ఇళ్లు కూడా ఉన్నాయి. రెండు ఇళ్లలోనూ ఆడమనిషికి జరిగేది ఒకటే. అందుకని ఇవాళ ధరతో మొదలుపెడతాను గానీ, అక్కడే ఆగను.

ఒక ఇల్లు తీసుకుందాం. తల్లి, ఇద్దరు ఎదిగిన ఆడపిల్లలు. మనిషికి నెలకి పదిహేను ప్యాడ్లు అనుకోండి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలని డాక్టర్లు చెప్పిన ప్రకారం అయితే ఇంకా ఎక్కువే అవుతాయి. ముగ్గురికి నలభై అయిదు. కంపెనీ ప్యాడ్ ఒక్కోటి ఆరు రూపాయలు వేసుకున్నా రెండు వందల డెబ్భై. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కి ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. అంటే నెలకి ఇంచుమించు ఒక పూర్తి రోజు కూలి. ఉపాధి పని వేసవిలో దొరుకుతుంది, తర్వాత ఉండదు. నెలసరికి సీజన్ లేదు కదా.

ఇప్పుడు పన్ను సంగతి. ఇది కాస్త విసుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ల మీద 12 శాతం వేశారు. బొట్టుకి, కాటుకకి, గాజులకి పన్ను లేదు. అవి లేకుండా రోజు గడుస్తుంది, ఇది లేకుండా ఎలా గడుస్తుందని దేశమంతా అడిగారు. జేఎన్‌యూ విశ్వవిద్యాలయంలో చదివే ఒక అమ్మాయి ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. కోర్టు కూడా ప్రభుత్వాన్ని అదే ప్రశ్న వేసింది. చివరికి 2018 జులైలో పన్ను తీసేశారు. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది, స్వీట్లు పంచుకున్నారు.

మరి 12 శాతం పన్ను పోతే ప్యాకెట్ ధర కూడా 12 శాతం తగ్గాలి కదా? కొన్నవాళ్లు చెప్పండి, తగ్గిందా? తగ్గకపోవడానికి కారణం ఉంది. ప్యాడ్ తయారు చేసేవాళ్లు చెక్క గుజ్జు కొంటారు, తడి పీల్చే పొడి, ప్లాస్టిక్ పొర, జిగురు కొంటారు. వాటి మీద అప్పట్లో 12, 18 శాతం పన్ను ఉంది. అమ్మే సరుకు మీద పన్ను ఉన్నంతకాలం, ముందే కట్టిన పన్నుని అందులోంచి మినహాయించుకోవచ్చు. అమ్మే సరుకు మీద పన్నే లేదంటే ఆ సౌకర్యం పోతుంది. కట్టిందంతా ఖర్చులోకి వచ్చి చేరుతుంది, ఖర్చు ధరలోకి వస్తుంది. విదేశం నుంచి తయారైన ప్యాడ్ తెచ్చి అమ్మేవాడికి మాత్రం ఈ బాధ లేదు. ముడిసరుకు సంగతి కూడా చూసి ఉంటే బాగుండేది. పన్ను తీసేయమని అడగడం న్యాయమే, నేను కూడా అడిగినదాన్నే. కానీ ఆ పోరాటం గెలిచాం కదా అని చాలామంది ఇంటికెళ్లిపోయారు. నాకు బాధ అదీ.

సరే, కంపెనీ ధర అలా ఉంచండి. రూపాయి ప్యాడ్ ఉంది. ప్రభుత్వం చవకగా మందులు అమ్మించే జన ఔషధి షాపుల్లో 'సువిధ' పేరుతో 2018లో రెండున్నర రూపాయలకి ఒకటి చొప్పున మొదలుపెట్టారు, 2019 ఆగస్టు నుంచి రూపాయి చేశారు. మంచి పని, మెచ్చుకోవాలి. రూపాయికి టీ కూడా రాదు ఈ రోజుల్లో. నెలకి ముగ్గురికీ కలిపి నలభై అయిదు రూపాయలతో గడిచిపోతుంది. మరి మన ఊళ్లో ఎంతమంది కొంటున్నారు? ఆ షాపు ఎక్కడుంది? టౌన్లో, పెద్దాసుపత్రి దగ్గర. మన ఊరి నుంచి వెళ్లి రావాలంటే పూట పోతుంది. బస్సు ఫ్రీ కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మనకి 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీయే. పోయిన పూట కూలి ఎవరిస్తారు? ఊళ్లో కొట్టువాడు ఏది తెచ్చి పెడితే అది కొంటాం. వాడు లాభం ఎక్కువ వచ్చేది తెస్తాడు. రూపాయి వస్తువు మీద వాడికి ఏం మిగులుతుంది చెప్పండి.

అంతకు ముందు 2011లో కేంద్రం ఇంకోటి చేసింది. పల్లెల్లో పది నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లలకి ఆశా వర్కర్ల ద్వారా ఆరు ప్యాడ్లు ఆరు రూపాయలకి. అమ్మిన ప్యాకెట్‌కి ఆశాకి రూపాయి. ఆలోచన గొప్పది. ఎందుకంటే ఆశా ఆడమనిషి, గడపలోకి వస్తుంది, అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇలాంటి వాటిలో చిక్కు ఒక్కటే, సరుకు ప్రతి నెలా రావాలి. రెండు నెలలు ప్యాడ్ వాడి మూడో నెల లేదంటే పిల్ల మళ్లీ గుడ్డకే పోతుంది. ఇంకోసారి అడగదు కూడా.

మన ఆంధ్రలో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రభుత్వ బడి పిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పదిలక్షల మందికి. పథకం ఎవరిది, ఏ పార్టీది అనే గొడవలోకి నేను పోను. ఒక్క మాట అడుగుతాను. బడిలో ఉన్న పిల్లకి వస్తాయి. బడి మానేసిన పిల్లకి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో నూటికి ఇరవై తొమ్మిది మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో ఇరవై మూడు పైన. పదోతరగతిలో పెళ్లి చేస్తే పుస్తకాలతోపాటు ఆ పది ప్యాడ్లు కూడా ఆగిపోతాయి. ఆ పిల్ల కొత్తగా వెళ్లిన ఇంట్లో అత్తగారిని అడగాలి. పదిహేడేళ్ల కోడలు అడుగుతుందా? మీరు అడిగారా? (సభలో గుసగుసలు) తలలు ఊపుతున్నారు, మాట మాత్రం రావడం లేదు.

ఇప్పుడు ఆ సర్వేలోనే ఇంకో లెక్క చెబుతాను, ఇది చదువుకునే అమ్మాయిలు రాసుకోండి. దేశంలో పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పరిశుభ్రమైన పద్ధతి వాడేవాళ్లు 2015-16లో నూటికి 58 మందికి కాస్త తక్కువ, 2019-21కి 77 దాటారు. వినడానికి సంబరంగా ఉంటుంది. నిజంగా పెరిగింది కూడా. కానీ పరిశుభ్రమైన పద్ధతి అని దేన్ని అన్నారు? ప్యాడ్, స్థానికంగా తయారుచేసిన ప్యాడ్, లోపల పెట్టుకునే దూది చుట్ట టాంపూన్, లోపల పెట్టుకుని రక్తం పట్టే కప్పు. వీటిలో ఏదో ఒకటి వాడితే పరిశుభ్రం. గుడ్డ వాడితే కాదు.

ఆలోచించండి. ఉతికి, ఎండలో ఆరేసి, శుభ్రంగా మడత పెట్టుకున్న నూలు గుడ్డ వాడే ఆవిడ ఆ లెక్కలోకి రాదు. పొద్దున ఆరింటికి పెట్టుకున్న ప్యాడ్‌ని సాయంత్రం ఆరింటిదాకా మార్చుకునే చోటు లేక అలాగే ఉంచుకున్న ఆవిడ మాత్రం లెక్కలోకి వస్తుంది. పన్నెండు గంటలు తడిలో ఉంటే తొడలు ఒరిసిపోతాయి, దురద, మంట, ఇన్ఫెక్షన్. అయినా సర్వే కాగితం మీద ఆవిడ పరిశుభ్రం! సర్వేవాళ్లని తప్పుపట్టడం లేదు, ఇంటింటికీ తిరిగి అడిగేటప్పుడు వస్తువు పేరు అడగడమే కుదురుతుంది. కానీ ఆ అంకె చూసి పని అయిపోయింది అనుకునే అధికారులతో నాకు పేచీ. మనం పంచిన ప్యాకెట్లని లెక్కపెడుతున్నాం. మార్చుకోగలిగిన సార్లని ఎవరూ లెక్కపెట్టడం లేదు.

గుడ్డ తప్పు కాదని నేను గట్టిగానే చెబుతాను. మా అమ్మ కాలంలో అందరూ గుడ్డే. తప్పంతా దాన్ని ఆరేసే చోట ఉంది. మంచం కింద, పాక చూరులో, తడిచీర మాటున. ఎండ తగలదు. వానాకాలంలో అయితే అసలు ఆరదు, సగం తడిది మళ్లీ పెట్టుకోవడమే. ఎండ ఊరికే వస్తుంది, దానికి జీఎస్టీ లేదు. (నవ్వులు) అయినా ఆ గుడ్డని దండెం మీద వేసే ధైర్యం మన ఇళ్లలో లేదు. లోపలి బనీన్లు, డ్రాయర్లు దర్జాగా వీధిలోకి వేలాడతాయి.

ఇంకో సంగతి ప్యాడ్ కంపెనీల ప్రకటనల్లో కనపడదు. ప్యాడ్ పెట్టుకోవాలంటే లోదుస్తు కావాలి. చీర కట్టుకుని పొలం పనికి వెళ్లే పెద్దవాళ్లలో చాలామందికి ఆ అలవాటే లేదు. మొలతాడుకి గోచీలా గుడ్డ బిగించుకుంటారు, దానికి గుడ్డే పనికొస్తుంది. ఆవిడ చేతిలో ప్యాకెట్ పెట్టి ఫొటో దిగి వస్తే ఏం లాభం? ప్యాడ్‌తోపాటు రెండు జతల డ్రాయర్లు కూడా ఇవ్వండి అని నేను ఎక్కడికెళ్లినా అడుగుతుంటాను. నవ్వుతారు. నవ్వే సంగతి కాదు.

మన గుంటూరు వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు గానీ, కాలేజీ పిల్లల కోసం చెబుతున్నా. మిరపకాయ కోతకి వెళ్లే మనిషి చేతులు ఎలా ఉంటాయో తెలుసా? గంటలో మంటెక్కిపోతాయి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోలేం. అలాంటి చేతులతో గుడ్డ గానీ ప్యాడ్ గానీ మార్చుకోవడం జరిగే పనేనా? ముందు సబ్బుపెట్టి బాగా కడుక్కోవాలి. చేలో నీళ్లుండవు, తాగడానికి తెచ్చుకున్న బాటిల్ ఉంటుంది. చాటు ఉండదు. అందుకని మార్చుకోరు. కొందరు పొద్దున్నుంచీ నీళ్లు కూడా తాగరు, ఒంటికి వెళ్లాల్సి వస్తుందని. ఎండలో, ఎర్ర మిరపలో, నెలసరిలో, నీళ్లు తాగకుండా. తొడిమలు తీసే కల్లాల దగ్గర కూడా అంతే.

చట్టాలు ఏమంటున్నాయి? ఫ్యాక్టరీలో అయితే ఆడవాళ్లకి వేరుగా మరుగుదొడ్డి ఉండాలని 1948 చట్టంలోనే రాశారు. ఇళ్లు కట్టేచోట కూడా మరుగుదొడ్డి ఉండాలని 1996 చట్టం చెప్పింది. పొలానికి అలాంటి చట్టం లేదు. మన దేశంలో ఆడకూలీలు ఎక్కువమంది ఉండేది పొలంలోనే. 2005లో ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు పనిచోట ఏమేమి ఉండాలో జాబితా ఇచ్చారు. తాగునీరు, పిల్లలకి నీడ, విశ్రాంతి, మందుల పెట్టె. చాలా ఆలోచించి రాసిన జాబితా అది. పనికొచ్చేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. అయినా ఆ జాబితాలో మరుగు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది చెప్పడానికే వచ్చాను నిజానికి.

గర్భసంచి ఆపరేషన్. ఈ గదిలో ఎంతమందికి అయిందో నేను చేతులెత్తమని అడగను. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి. తెలంగాణలో దాదాపు ఎనిమిది. దేశంలో మొదటి రెండు స్థానాలు మన తెలుగువాళ్లవే. తీయించుకున్నవాళ్ల మధ్యస్థ వయసు ముప్ఫై నాలుగేళ్లు, అంటే సగం మంది అంతకన్నా చిన్నవాళ్లే. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో. కారణం అడిగితే సగానికి పైగా చెప్పింది ఎక్కువ రక్తం పోవడం, నొప్పి.

అన్నీ అనవసరమైనవి అనను. కొందరికి ప్రాణం నిలబెట్టే ఆపరేషన్ అది. కానీ మీరందరూ విన్న మాటలే నేనూ విన్నాను. "ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇంక ఆ సంచితో ఏం పని?" "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది." ఆ మాటలకి మనిషి ఎందుకంత త్వరగా ఒప్పుకుంటుంది? నెలనెలా ఈ అవస్థ ఒక్కసారిగా తీరిపోతుందని. చేలో మార్చుకునే చోటు లేదు, గుడ్డ ఆరదు, పని మానితే కూలి పోతుంది, ఇంట్లో అడిగితే చిరాకు. ఇన్ని తలుపులు మూసి ఉన్నప్పుడు, ఆపరేషన్ అనే తలుపు ఒక్కటి తీసి ఉంటే అందులోంచే వెళ్తుంది. దానికి ముప్ఫై, నలభై వేలు అప్పు చేస్తుంది. ప్యాడ్‌కి ఆరు రూపాయలు అడగలేని ఇంట్లోనే ఆపరేషన్‌కి అప్పు పుడుతుంది! ఎందుకంటే అది జబ్బు. జబ్బుకి ఖర్చు పెడతారు.

మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి 2019లో బయటికొచ్చింది. చెరకు కోతకి వలస వెళ్లే స్త్రీలు. భార్యాభర్తల జంటని ఒక లెక్కగా తీసుకెళ్తారు. ఒకరోజు పని మానితే అయిదు వందలు జరిమానా వేసేవాళ్లని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం కమిటీ వేసి 82 వేల మందికి పైగా స్త్రీలని సర్వే చేయిస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఉన్నారు. మనం ఆ వార్త చదివి అయ్యో అనుకున్నాం. మన అంకెలు మనం చూసుకోలేదు.

సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్లకే ఒంట్లో హార్మోన్లు పడిపోతాయి. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నడుంనొప్పితో మళ్లీ పని మానడం. కాబట్టి అక్కా, ఇది గుర్తుపెట్టుకోండి. ఏడు రోజులు దాటినా ఆగకపోతే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, అది ఓర్చుకోవలసింది కాదు, డాక్టరుకి చూపించాలి. చూపించగానే ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్ని కూడా అడగండి. మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి అది ఉంది.

కప్పు గురించి చెప్పమని కాలేజీ పిల్లలు చీటీ పంపారు. క్లుప్తంగా చెప్తాను. సిలికాన్ కప్పు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది, చెత్త ఉండదు. కేరళలో 2019లో అలప్పుళ మునిసిపాలిటీ వేలల్లో పంచింది, 2022 జనవరిలో కుంబళంగి అనే ఊరు ప్యాడ్లు లేని పంచాయతీ అనిపించుకుంది. మంచిదే. కానీ వాళ్లు పంచి వదిలేయలేదు, ఎలా పెట్టుకోవాలో మనుషులు కూర్చుని నేర్పారు. పైగా దాన్ని మరగబెట్టాలి. మన వంటింట్లో ఏ గిన్నెలో మరగబెడతావు తల్లీ? అత్తగారు ఒప్పుకుంటుందా? ముందు ఒక గిన్నె విడిగా పెట్టుకో, తర్వాత కప్పు కొనుక్కో. (నవ్వులు)

స్కాట్లాండ్‌లో మోనికా లెనన్ అనే పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టి ఒక చట్టం తెచ్చింది. 2020 నవంబరులో సభ మొత్తం ఒప్పుకుంది, 2022 ఆగస్టు నుంచి అమలు. కావలసిన ఎవరికైనా ఉచితంగా ప్యాడ్లు దొరికేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యత. డబ్బున్న దేశం, మనకి పోలిక లేదు, సరే. నాకు నచ్చింది ఆ చట్టంలో ఒక షరతు. సులువుగా దొరకాలి, మర్యాదగా దొరకాలి. అంటే పేరు రాసి, సంతకం పెట్టించి, పదిమందిలో పిలిచి ఇవ్వకూడదు. అక్కడా తమాషాలు జరిగాయి. ఒకచోట ఈ పని చూసే అధికారిగా మగాయన్ని పెట్టారు, గొడవ గొడవైంది, ఆ పోస్టే ఎత్తేశారు.

సంఘాల్లో ఉన్న మీరు చేయగలిగింది చెప్పి కూర్చుంటాను. మీ గ్రామ సంఘం నెలకోసారి టౌన్లో బ్యాంకు పనికి ఎవరినో పంపుతుంది కదా. ఆ మనిషితోనే జన ఔషధి షాపు నుంచి ఊరందరికీ కలిపి ప్యాడ్లు తెప్పించండి. ఎవరికెన్నో ముందే అడిగి రాసుకోండి. డబ్బు పొదుపు రోజునే కట్టేయొచ్చు, అప్పుడు ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. మీటింగ్ జరిగే ఇంట్లో ఒక మూల పెడితే, వచ్చినవాళ్లు తీసుకెళ్తారు. బడి మానేసిన పిల్లల పేర్లు మర్చిపోకండి, కొత్త కోడళ్లవీ.

రెండోది, మిరప కోతలకి ముఠా కట్టి వెళ్లేటప్పుడు రేటు మాట్లాడతారు కదా, కిలోకింత, మనిషికింత అని. అప్పుడే ఇది కూడా మాట్లాడండి. చేలో నాలుగు గుంజలు పాతి చుట్టూ పట్టా కట్టాలి, ఒక డ్రమ్ము నీళ్లు, సబ్బు పెట్టాలి. రైతుకి అది పెద్ద ఖర్చు కాదు. ముఠా మేస్త్రి మగాయన అయితే చెప్పడానికి మొహమాటపడతారు, కాబట్టి మీలో ఒకరు నేరుగా రైతు ఇంటావిడతో మాట్లాడండి. కోతల కాలంలో కూలీలు దొరకడమే కష్టంగా ఉంది, అడిగితే కాదనరు. గ్రామసభలో కూడా అడగండి, పంచాయతీ పనులన్నిటికీ ఇదే షరతు పెట్టమని. అడిగిన మాట మినిట్స్ పుస్తకంలో రాయించండి, లేకపోతే వచ్చే సభకి ఎవరికీ గుర్తుండదు.

ఇక ప్రశ్నలు. మగవాళ్లు ఇద్దరు తలుపు దగ్గర నిలబడ్డారు, లోపలికి వచ్చి కూర్చోండి బాబూ, మీరూ అడగొచ్చు. ముందు ఆ ఎర్రచీర అక్కకి మైకు ఇవ్వండి, ఇందాకటి నుంచి చేయెత్తే ఉంది.